సెవిల్ వీధుల్లో సిలువ వెంట

ప్రదక్షిణ అనగానే మన తెలుగు కతోలికులకు మొదట గుర్తుకొచ్చేది గుణదల కొండ. ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో విజయవాడ చేరే జనం, కాలినడకన వచ్చే భక్తులు, కొబ్బరికాయలు, కొవ్వొత్తులు, తలనీలాలు... ఇవన్నీ మనం చిన్నప్పటి నుంచి ఎరిగినవే. ఇక ఊళ్ళలో విచారణ పండుగ వస్తే దీపాలతో అలంకరించిన తేరు, ముందు బ్యాండు మేళం, వెనుక జపమాల చెప్పుకుంటూ నడిచే ఆడవాళ్ళు. ఇంత సందడి మన దగ్గరే ఉంటుందనీ, ఐరోపాలో భక్తి అంటే గుళ్ళో నిశ్శబ్దంగా కూర్చోవడమేననీ చాలామంది అనుకుంటారు. స్పెయిన్ దేశపు దక్షిణాన ఉన్న సెవిల్ నగరాన్ని పవిత్ర వారంలో ఒక్కసారి చూసినవారు ఆ మాట అనరు.

మా వారి ఉద్యోగరీత్యా 2018లో మా కుటుంబం ఈ నగరానికి వచ్చింది. అప్పటికి మా అమ్మాయికి ఆరేళ్ళు. ఇన్నేళ్ళలో ఇక్కడి ప్రదక్షిణలను వీధి అంచున నిలబడి చూశాం, వాటి వెనుక నడిచాం, చివరకు మా ఇంటి నుంచే ఒకరిని అందులోకి పంపాం. ఆ అనుభవాన్నీ, దాని వెనుక ఉన్న చరిత్రనూ పాఠకులతో పంచుకుందామని ఈ నాలుగు మాటలు.

వారం రోజులు వీధే గుడి

సెవిల్ జనాభా ఏడు లక్షలకు కొంచెం తక్కువ. మ్రానికొమ్మల ఆదివారం మొదలు పునరుత్థాన ఆదివారం వరకు సుమారు 60 భక్త సంఘాలు తమ తమ గుళ్ళ నుంచి బయలుదేరి, ప్రధాన దేవాలయం చేరి, అక్కడ ప్రార్థించి, మళ్ళీ తమ గుడికి తిరిగి వెళ్తాయి. ఒక్కో సంఘానికి ఒక రోజు, ఒక వేళ, ఒక దారి. అయితే అందరూ కంపానా అనే కూడలి దగ్గర కలిసి, సియెర్పెస్ అనే ఇరుకు వీధి మీదుగా ప్రధాన దేవాలయానికి వెళ్ళవలసిందే. నగరంలోని సంఘాలు ప్రధాన దేవాలయాన్ని దర్శించాలని 1604లో జరిగిన మేత్రాసన సభ నిర్ణయించింది. అంతకు ముందే, 1521లో, యెరూషలేము యాత్ర చేసి వచ్చిన ఒక జమీందారు తన భవనం నుంచి ఊరి బయటి సిలువ వరకు సిలువ మార్గాన్ని ఆరంభించాడనీ, ఈ ప్రదక్షిణలకు అదీ ఒక మూలమనీ ఇక్కడివారు చెబుతారు.

ప్రదక్షిణలో ముందు సిలువ. దాని వెనుక రెండు వరుసలుగా పొడవాటి అంగీలు, కోసుగా నిలిచే ముసుగులు ధరించి, కొవ్వొత్తులు పట్టుకున్న సభ్యులు. వీరిని 'నసరేనో'లు అంటారు, అంటే నజరేతువారని అర్థం. తర్వాత 'పాసో' వస్తుంది. మన తేరు వంటిదే, కాని చక్రాలుండవు, మనుషులే మోస్తారు. సాధారణంగా మొదటి పాసో మీద ప్రభువు శ్రమల ఘట్టం, రెండవ దాని మీద పందిరి కింద వ్యాకులమాత స్వరూపం ఉంటాయి. కొన్ని సంఘాలు బ్యాండుతో నడుస్తాయి. కొన్ని ఒక్క వాద్యం కూడా లేకుండా నడుస్తాయి. అప్పుడు వేలాది జనం మధ్య కూడా చెప్పుల చప్పుడు వినిపిస్తుంది. ఉన్నట్టుండి ఏదో మేడ మీది నుంచి ఒక గొంతు లేస్తుంది. తాళం లేదు, వాద్యం లేదు, శోకంలో రాగం తీసినట్టు ఒక్క పాట. దాన్ని 'సయేత' అంటారు. అది పూర్తయ్యే దాకా తేరు ఆగుతుంది.

పవిత్ర గురువారం రాత్రి ఊరు నిద్రపోదు. ఆ రాత్రి ఆరు సంఘాలు బయలుదేరతాయి. వాటిలో ఒకటి మోసుకొచ్చే సిలువ మోస్తున్న యేసు స్వరూపాన్ని 1620లో హువాన్ దె మేసా అనే శిల్పి చెక్కాడు. 'గ్రాన్ పొదేర్', అంటే మహాశక్తిగల యేసు అని దానికి పేరు. పేరు మహాశక్తి, రూపం మాత్రం అలసిన మనిషిది. బరువుకు వంగిన నడుము, ముందుకు పడబోతున్న అడుగు. ఇంకొక సంఘం మకరేనా మాతది. మూడు వేలకు పైగా సభ్యులు ముందు నడవగా అర్ధరాత్రి బయలుదేరిన తల్లి మరునాడు మధ్యాహ్నం దాటాక గాని గుడి చేరదు. ఈ తల్లిని సెవిల్ ప్రజలు ఇంటి మనిషిలా చూస్తారు. 1920లో హొసెలీతో అనే పేరున్న ఎద్దుల పోరు వీరుడు చనిపోతే, ఆయన ఈ మాతకు పరమ భక్తుడని స్వరూపానికి నల్లబట్టలు కట్టి దుఃఖం పాటించారు. 1936లో అంతర్యుద్ధం మొదలైనప్పుడు ఆమె ఉండే గుడి తగలబడింది. అప్పటికే స్వరూపాన్ని తీసి ఒక ఇంట్లో దాచడంతో మిగిలింది.

ఇంటిలో కూడా ఈ వారం తెలుస్తుంది. పాలలో నానబెట్టిన రొట్టె ముక్కలను గుడ్డు సొనలో ముంచి వేయించి, తేనె పోసి 'తొర్రిహాస్' చేస్తారు. శుక్రవారం నాడు మాంసం లేకుండా పాలకూర, శనగలు కలిపి వండుతారు. మొదటిసారి తిన్నప్పుడు ఇందులో కాస్త ఎండుమిరపకాయ పోపు పడితే మన కూరే కదా అనిపించింది. పిల్లలకు ఇంకో ఆట ఉంది. ప్రదక్షిణ ఆగినప్పుడల్లా నసరేనోల దగ్గరకు పరుగెత్తి, కారుతున్న కొవ్వొత్తి మైనాన్ని ఒక ఉండ మీద పట్టుకుంటారు. ఏటేటా ఆ ఉండ పెరుగుతుంది. మా అమ్మాయిది మొదటి ఏడు రేగుపండంత, ఇప్పుడు బత్తాయంత.

తేరు కింద మనుషులు

పాసోకు నాలుగు వైపులా తెర ఉంటుంది. ఆ తెర వెనుక ముప్పై నలభై మంది వరుసలు కట్టి, మెడ వెనుక ఎముక మీద అడ్డదూలాన్ని ఆనించుకుని మోస్తారు. మన హమాలీలు బస్తా ఎత్తేముందు తలమీద చుట్ట పెట్టుకుంటారే, అలాగే వీళ్ళూ తలకు మెత్తని గుడ్డ చుట్టుకుంటారు. వీరి పేరు 'కోస్తలేరో' కూడా 'గోనె' అనే మాట నుంచి వచ్చిందే. కొన్ని పాసోల బరువు టన్ను దాటి ఉంటుంది. వీళ్ళకు బయట ఏమీ కనబడదు. ముందు నడిచే పెద్ద పాసోకున్న లోహపు సుత్తిని కొట్టి, మాటతో దారి చూపిస్తాడు. సుత్తి మోగగానే అందరూ ఒక్కసారిగా లేస్తారు. పైన ఉన్న స్వరూపం ఊపిరి తీసినట్టు కదులుతుంది.

ఒకప్పుడు ఈ పని రేవులో బరువులు మోసే కూలీలది. సంఘాలు వారికి కూలి ఇచ్చి మోయించేవి. 1973లో విద్యార్థుల సంఘంగా పేరున్న ఒక సంఘంలో మొదటిసారి సభ్యులే భక్తితో తేరు కిందికి దూరారు. తర్వాత మిగతావన్నీ ఆ దారే పట్టాయి. డబ్బు తీసుకుని మోసేచోట ఇప్పుడు చోటు కోసం కాచుకుంటున్నారు.

మా కింది అంతస్తులో ఒక బస్సు డ్రైవరు ఉంటారు. తపస్సు కాలం మొదలుకాక ముందు నుంచే రాత్రుళ్ళు సాధనకు వెళ్తారు. "అయిదారు గంటలు తెర వెనుక ఉంటారు కదా, మీకు ప్రభువు కనబడరు, జనం కనబడరు. ఏం చూస్తారు?" అని అడిగాను. "ముందువాడి మడమలు చూస్తాను. అవి తడబడితే వాడి బరువు కొంచెం నేను తీసుకోవాలి" అన్నారు. సిలువ మార్గంలో సిరేనీయుడైన సీమోను స్థలం దగ్గర మోకరించినప్పుడల్లా నాకు ఆ మాట గుర్తుకొస్తుంది.

ముసుగు వెనుక

వీడియో కాల్‌లో మొదటిసారి ఈ ముసుగులను చూసి మా అత్తయ్యగారు భయపడ్డారు. "వాళ్ళెవరమ్మా, దొంగల్లా ఉన్నారు?" అన్నారు. అమెరికాలో నల్లవారిని హింసించిన ముఠా వేషంతో పోల్చేవారూ ఉన్నారు. కాని ఆ ముఠా పుట్టింది 1865లో. ఈ ముసుగు అంతకు శతాబ్దాల ముందటిది. దాని ఉద్దేశం కూడా పూర్తిగా వేరు. పాపానికి ప్రాయశ్చిత్తం చేసేవాడు నలుగురికీ తెలిసేలా చేయకూడదని ప్రభువే కొండమీద బోధించారు కదా. ఉపవాసం చేసేటప్పుడు ముఖం కడుక్కొమ్మన్నారు, కుడిచేయి చేసేది ఎడమచేతికి తెలియనివ్వవద్దన్నారు. ఆ బోధనకు ఇక్కడివారు కట్టిన బట్ట ఈ ముసుగు. ముసుగు వేసుకున్నాక నగలు పెట్టుకోకూడదు, మాట్లాడకూడదు, ఇంటి నుంచి గుడికి దగ్గర దారిన తిన్నగా వెళ్ళాలి. లోపల ఉన్నది డాక్టరో, చేపలమ్మే మనిషో, జైలు నుంచి వచ్చినవాడో చూసేవారికి తెలియదు. కొందరు చెప్పులు లేకుండా నడుస్తారు. ఎందుకో వారికీ దేవునికే తెలుసు.

ఒకప్పుడు ఈ వరుసల్లో మగవారే ఉండేవారు. 1980ల నుంచి కొన్ని సంఘాలు స్త్రీలకు చోటిచ్చాయి. 2011లో అగ్రపీఠాధిపతి ఆజ్ఞతో అన్ని సంఘాల్లోనూ ఆడవారికి నడిచే హక్కు వచ్చింది.

నల్లవారి సంఘం

2023 పవిత్ర వారానికి మా నాన్నగారు మా దగ్గరకు వచ్చారు. గురువారం సాయంత్రం ఒక సంఘం వస్తుంటే, దీన్ని 'నల్లవాళ్ళ సంఘం' అంటారని మా అమ్మాయి తాతయ్యకు చెప్పింది. అందులో నడిచేవాళ్ళు ఎక్కువమంది తెల్లవాళ్ళే కదా అని ఆయన ఆశ్చర్యపోయారు.

ఆ కథ వినదగ్గది. 14వ శతాబ్దం చివర సెవిల్ అగ్రపీఠాధిపతి గొన్సాలో దె మేనా, ముసలితనంలోనూ జబ్బులోనూ యజమానులు వదిలేసిన నల్ల బానిసల కోసం ఒక ఆశ్రయం ఏర్పాటు చేశారు. దాని నుంచి పుట్టిందే ఈ సంఘం. తర్వాతి కాలంలో సెవిల్ ఐరోపాలోని పెద్ద బానిస సంతల్లో ఒకటయింది. ప్రధాన దేవాలయం మెట్ల దగ్గరే మనుషుల్ని అమ్మేవారు. ఆ మెట్ల ముందు నుంచే ఈ బానిసలు, బానిసత్వం నుంచి విడుదలైనవారు తమ సిలువ ఎత్తుకుని నడిచారు. వెక్కిరింతలు పడ్డారు. వరుసలో తమ చోటు కోసం పోరాడారు. 17వ శతాబ్దంలో మరియమాత గౌరవార్థం పండుగ చేయడానికి డబ్బు లేక, తమ స్వేచ్ఛనే పూచీగా పెట్టిన నల్లవారు ఆ సంఘంలో ఉన్నారని సంప్రదాయం. కాలక్రమాన నగరంలో నల్లవారు తగ్గిపోయి, తెల్లవారు సభ్యులయ్యారు. అయినా ఆ పేరును విడిచిపెట్టలేదు. ఒకప్పుడు ఎగతాళిగా పిలిచిన పేరును ఇప్పుడు గౌరవంగా చెప్పుకుంటున్నారు.

ఇదంతా విని నాన్నగారు చాలాసేపు మాట్లాడలేదు. ఇంటికి వచ్చాక మనవరాలిని దగ్గర కూర్చోబెట్టుకుని తన చిన్ననాటి సంగతి చెప్పారు. గుంటూరు జిల్లాలోని మా ఊళ్ళో 1950లలో తేరు పెద్ద వీధుల్లో తిరిగి గుడికి వెళ్ళిపోయేదట. మా పేటలోకి వచ్చేది కాదు. తేరు మోసే కర్ర మీద మావాళ్ళ చేయి పడనిచ్చేవారు కాదు. పేట మొదట్లో కొవ్వొత్తులు వెలిగించుకుని నిలబడి, దూరం నుంచే మాతకు దండం పెట్టుకునేవాళ్ళు. అందరిదీ ఒకే జ్ఞానస్నానం, ఒకే దివ్యసత్ప్రసాదం. దారి మాత్రం వేరు. 1970లలో ఒక విచారణ గురువు పట్టుబట్టి దారి మార్చారు. మొదటిసారి తేరు పేటలోకి వచ్చే రోజున మా నాయనమ్మ పొద్దున్నుంచి వీధంతా ఊడ్చి, కళ్ళాపి చల్లి, ముగ్గులు వేసిందట. తేరు మా గుమ్మం ముందు ఆగిన ఆ కొద్ది నిమిషాలూ ఆవిడ నోట మాట రాలేదని, నాన్నగారు మాట ఆపి కళ్ళద్దాలు తుడుచుకున్నారు.

మా అమ్మాయి విన్నది. మరునాడు, "అమ్మా, నేను కూడా మన పేట సంఘంలో నడుస్తాను" అంది.

జ్ఞానస్నాన పత్రం

చెప్పడం తేలిక. ఆ వయసు పిల్లలు ఆదివారం పూజకు రమ్మంటేనే సణిగే కాలం. స్నేహితులతో పాటు సరదాగా అడుగుతోందేమోనని మా వారు సందేహించారు. ముసుగు వేసుకున్న ఫోటో చూస్తే ఊళ్ళో ఏమనుకుంటారో అని అత్తయ్యగారి బెంగ. సంఘం కార్యాలయానికి వెళ్తే అడిగింది ఒకటే: జ్ఞానస్నానం పొందినట్టు పత్రం. మీదే దేశం, ఏం ఉద్యోగం, ఎంత చందా ఇవ్వగలరు అని ఎవరూ అడగలేదు. నాన్నగారు ఊరు వెళ్ళాక విచారణ గురువుల దగ్గర పాత రిజిస్టరు తీయించి, పత్రం రాయించి పంపారు. దూరానే నిలబడి దండం పెట్టిన పేట పేరు ఆ కాగితం మీద ఉంది. అది సెవిల్‌లోని సంఘం పుస్తకంలోకి ఎక్కింది.

2024లో అమ్మాయికి అంగీ కుట్టించాం. ఆ ఏడాది పవిత్ర వారమంతా వాన. ఎన్నో సంఘాలు బయలుదేరలేదు. పవిత్ర గురువారం రాత్రి నడవవలసిన ఆరింటిలో ఒక్కటీ గడప దాటలేదు. శతాబ్దాల నాటి కొయ్య స్వరూపాలు తడిస్తే పాడవుతాయి కనుక వాన సూచన ఉంటే తేరు కదపరు. మా పేట సంఘం కూడా గుళ్ళోనే ఉండిపోయింది. పెద్దవాళ్ళే వెక్కివెక్కి ఏడ్చారు. కోవిడ్ వల్ల 2020, 2021 సంవత్సరాల్లో ప్రదక్షిణలు లేవు. ఇప్పుడు మళ్ళీ ఇలా. కాసేపటికి గురువు లేచి, తలుపులు మూసిన గుళ్ళోనే సిలువ మార్గం ప్రారంభించారు. అంగీల్లో ఉన్నవారంతా కొవ్వొత్తులు వెలిగించి మోకరించారు. వీధి లేదు, బ్యాండు లేదు, చూసేవారు లేరు. ఆ గంటసేపు మా అమ్మాయి మోకాళ్ళ మీద నుంచి లేవలేదు. సరదా కోసం అడిగిందేమోనన్న మా వారి సందేహం ఆ సాయంత్రంతో తీరిపోయింది.

మరుసటి ఏడాది ఎండ కాసింది. సంఘం బయలుదేరింది. వీధి అంచున నిలబడి నాన్నగారికి వీడియో కాల్ చేశాను. నారింజ పూల వాసన, సాంబ్రాణి పొగ, వరుసగా పిల్లల కొవ్వొత్తులు.

"మన పాప ఏదమ్మా?" అని అడిగారు.

"తెలియడం లేదు నాన్నా. ముసుగులో అందరూ ఒక్కలాగే ఉన్నారు."

"అలాగే ఉండాలి తల్లీ" అన్నారు.

తర్వాత ఒకచోట వరుస ఆగింది. నాలుగేళ్ళ బాబు ఒకడు మైనపు ఉండ చాచాడు. ఒక చిన్న నసరేనో మాట్లాడకుండా వంగి, ఆ ఉండ మీద నాలుగు చుక్కలు రాల్చింది. ఆ వంగిన తీరు చూసి మా పిల్లేనేమో అనిపించింది. అడిగితే ఇప్పటికీ చెప్పదు.

ఇది భక్తేనా?

ఈ ప్రశ్న ఇక్కడివారే వేసుకుంటారు. పవిత్ర వారంలో వీధుల్లో ఇసుక వేస్తే రాలనంత జనం. ఆగస్టులో ఒక మామూలు ఆదివారం మా విచారణ గుడికి వెళ్తే ముందు వరుసల్లో నాలుగు నెరిసిన తలలు. ఏడాదంతా గుడి ముఖం చూడనివారు కూడా తేరు కింద చెమటోడుస్తారు. హోటళ్ళకు వ్యాపారం, పర్యాటకులకు వేడుక. ఇందులో దేవుడెంత, ఊరి గొప్ప ఎంత అని అడగడం న్యాయమే.

శ్రీసభ ఈ విషయంలో తొందరపడి తీర్పు చెప్పలేదు. ప్రజల భక్తి ఆచారాల గురించి వాటికన్ 2001లో ఒక మార్గదర్శక గ్రంథమే తయారుచేసింది. ప్రదక్షిణ దైవారాధనకు దారి తీయాలి గాని కేవలం ప్రదర్శనగా మిగలకూడదని దాని సారాంశం. పేదల భక్తిని తక్కువగా చూడవద్దని, అందులో పవిత్రాత్మ పని చేస్తున్నారని 2013లో ఫ్రాన్సిస్ పాపుగారు తన లేఖలో నొక్కి చెప్పారు. ఇక్కడి సంఘాలు ఏడాది పొడవునా లేనివారికి తిండి, అద్దె, మందుల సాయం చేస్తాయి. కోవిడ్ కాలంలో తేర్లు కదలకపోయినా సరుకుల సంచులు కదిలాయి. వీధిలో మోసిన సిలువ నిజమైనదో కాదో ఆ సంచుల దగ్గర తెలుస్తుంది.

విదేశాల్లో పిల్లలను పెంచుకుంటున్న తెలుగు తల్లిదండ్రులు చాలామంది, ఇంటి దగ్గరి భక్తిని ఇక్కడ ఎలా నిలబెట్టుకోవాలా అని బెంగపడుతుంటారు. మీరున్న ఊళ్ళో ఇలాంటి ఆచారం ఉంటే దూరం నుంచి ఫోటో తీసుకుని వచ్చేయకండి. లోపలికి వెళ్ళి, మాకూ చోటుందా అని అడగండి. మీ జ్ఞానస్నాన పత్రం ఏ దేశంలోనైనా చెల్లుతుంది.

ఇక స్వదేశంలో ఉన్న పాఠకులకు ఒక్క మనవి. ఈసారి మీ విచారణ పండుగకు తేరు ఏయే వీధుల్లో తిరుగుతుందో, కర్ర ఎవరి భుజం మీద ఉంటుందో ఒకసారి గమనించండి. ఇంకా ఏదైనా పేట మొదట్లో ఎవరైనా కొవ్వొత్తి పట్టుకుని దూరంగానే నిలబడి ఉంటే, తేరును ఆ వైపుకు తిప్పండి. అక్కడ కూడా ఎవరో పొద్దుటి నుంచి ముగ్గు వేసుకుని ఎదురు చూస్తూ ఉంటారు.